గడప దాటని మందు

"నీటి బుడగ" అనగానే మనకి వైరాగ్యం గుర్తుకొస్తుంది. హరికథల్లోనూ, తత్త్వాల్లోనూ, పరామర్శకు వచ్చిన పెద్దల మాటల్లోనూ ఈ బుడగ తప్పనిసరిగా కనబడుతుంది. పుట్టీ పుట్టకముందే పగిలిపోయేది, నమ్మరానిది, అశాశ్వతానికి కొండగుర్తు. అటువంటి బుడగని, అందునా కంటికి కనబడనంత చిన్నదాన్ని, నాలుగైదు నిమిషాలకి మించి రక్తంలో నిలవనిదాన్ని, వైద్యులు ఒక పెద్ద పనికి నియోగించారు. నూరేళ్ళకు పైగా మందుల్ని వాకిట్లోనే నిలబెట్టేస్తున్న ఒక గడపని దాటించే పని అది. ఆ గడప మన మెదడుది.

ఈ సంగతి గురించి నాకు తెలిసినంతలో వ్రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కొంత శాస్త్రం, కొంత చరిత్ర, కొంత మా ఇంటి సంగతి కలగలిసి వస్తాయి. ఓపిక ఉన్నవారు చదవండి.

కథ రంగులతో మొదలవుతుంది. 1885 ప్రాంతంలో పాల్ ఎర్లిక్ అనే జర్మను శాస్త్రవేత్త (తరువాత 1908లో నోబెల్ అందుకున్నాయన) జంతువుల రక్తంలోకి అద్దకపు రంగులు ఎక్కించి, ఏ అవయవం ఎంత రంగు పీల్చుకుంటుందో చూస్తూ ఉండేవాడు. కాలేయం, మూత్రపిండాలు, కండరాలు, అన్నీ రంగు తేలాయి. మెదడూ వెన్నుపామూ మాత్రం తెల్లగా ఉండిపోయాయి. మెదడుకి ఆ రంగులంటే ఆకర్షణ లేదు కాబోలు, అంటించుకోవటం లేదు అని ఆయన అనుకున్నాడు. ఆయన వద్ద పనిచేసిన ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో ఇదే ప్రయోగాన్ని తిరగేసి చేశాడు. రంగుని రక్తంలోకి కాక, మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడంతా నీలమైపోయింది, తక్కిన ఒళ్ళంతా తెల్లగా ఉండిపోయింది. అంటే మెదడుకి రంగంటే అయిష్టమేమీ లేదు. మధ్యలో ఏదో అడ్డు ఉంది.

ఆ అడ్డుకి పేరు పెట్టినవారిలో ముఖ్యురాలు లీనా స్టెర్న్. ఈవిడ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. 1878లో నాటి రష్యా సామ్రాజ్యంలోని బాల్టిక్ తీరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టి, జెనీవాలో చదువుకుని, 1918లో ఆ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి పొందిన తొలి మహిళ అయింది. 1921లో ఈ అడ్డుకి ఫ్రెంచి భాషలో నామకరణం చేసింది. రక్తానికీ మెదడుకీ నడుమనున్న అవరోధం అని అర్థం. 1925లో స్విట్జర్లాండు విడిచి మాస్కో వెళ్ళింది. 1939లో సోవియట్ విజ్ఞాన అకాడమీలో పూర్తి సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ, 1943లో స్టాలిన్ బహుమతి. క్షయ వల్ల మెదడు పొరలకు వాపు వచ్చిన పిల్లలకి అప్పుడే కొత్తగా వచ్చిన స్ట్రెప్టోమైసిన్ సూదిమందు నరానికి ఇస్తే చాలదని, ఆ అవరోధాన్ని తప్పించుకుని నేరుగా మెదడు ద్రవంలోకే ఇవ్వాలని పట్టుపట్టింది. ఇన్ని చేసినావిడని 1949లో అరెస్టు చేశారు. యూదు ఫాసిస్టు వ్యతిరేక సంఘం మీద పెట్టిన కేసులో 15 మంది ముద్దాయిలుంటే, 1952 ఆగస్టు 12న 13 మందిని కాల్చి చంపారు. ఒకరు జైల్లోనే జబ్బుపడి పోయారు. మిగిలింది ఈవిడ ఒక్కతే. కజకిస్తానుకి ప్రవాసం పంపారు. స్టాలిన్ పోయాక 1953లో తిరిగివచ్చి, తన తొంభయ్యో ఏట 1968లో కన్నుమూసింది. గోడల గురించి జీవితమంతా పరిశోధించిన మనిషి ముదిమిలో ఎటువంటి గోడల మధ్య గడిపిందో చూడండి.

ఆవిడ పెట్టిన పేరుని "రక్త-మస్తిష్క అవరోధం" అని నిఘంటువు ఫక్కీలో తెలుగు చెయ్యవచ్చు. తప్పేమీ లేదు గానీ, రెండు మూడుసార్లు పలికేసరికి నోరు నొప్పి పుడుతుంది. నేను 'మెదడు గడప' అంటాను. ఇంతకన్నా మంచి మాట తోచినవారు చెబితే సంతోషం.

ఈ గడప నిజంగా ఎక్కడుందో తేలడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది. 1967లో రీస్, కార్నొవ్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని కళ్ళకు కట్టారు. మెదడులోని కేశనాళికల లోపలి గోడలో ఒకే వరుస కణాలుంటాయి. ఒంట్లో తక్కిన చోట్ల ఈ కణాల మధ్య సందులుంటాయి, ఆ సందుల్లోంచి ద్రవాలూ మందులూ జారుకుంటాయి. మెదడులో మాత్రం పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి అతుక్కుని, బిగించి కుట్టినట్టుంటాయి. సందు లేదు. మన మెదడులోని కేశనాళికలన్నీ వరసగా పేరిస్తే సుమారు 600 కిలోమీటర్లుంటాయని అంచనా. హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాకా ఉన్న దూరమన్నమాట. అంత పొడుగునా కుట్టు ఎక్కడా వదులుగా ఉండదు. పైగా ఆ కణాల గోడలో కొన్ని పంపులు కాపలా ఉంటాయి. పొరపాటున లోపలికి జొరబడ్డ పదార్థాన్ని పట్టుకుని తిరిగి రక్తంలోకి నెట్టేయడమే వాటి ఉద్యోగం.

ఈ కాపలా సంగతి మనందరికీ అనుభవమే. జలుబుకీ దురదకీ పాతకాలపు అవిల్ మాత్ర వేసుకుంటే కళ్ళు మూతలు పడతాయి. కొత్తరకం ఫెక్సోఫెనడిన్ వేసుకుంటే దాదాపు ఏమీ అనిపించదు. మొదటిది గడప దాటి మెదడులోకి పోతుంది, రెండోదాన్ని ఆ పంపులు బయటికి తోసేస్తాయి. తేడా అంతే.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, నాడీకణాలు మహా సుకుమారమైనవి. మనం భోజనం చేసినా, పరుగెత్తినా రక్తంలో లవణాలూ ఆమ్లాలూ ఎక్కువ తక్కువలవుతూ ఉంటాయి. ఆ ఒడుదుడుకులు మెదడు దాకా పోతే ప్రతి భోజనానంతరమూ మనకి మూర్ఛ వచ్చేది కాబోలు. సృష్టిలోని చమత్కారమేమిటంటే, మెదడులో కొన్ని చోట్ల కావాలనే గడప లేకుండా వదిలేశారు. వాంతి పుట్టించే కేంద్రం అటువంటి చోటు. రక్తంలో విషం కలిసిందేమో రుచి చూసి చెప్పేవాడొకడు ఉండాలి కదా, వాడు తలుపులు మూసుకుని కూర్చుంటే ఎలా?

మంచికోసమే కట్టిన గోడ కనుకనే దీనితో పేచీ. పెద్ద అణువులతో తయారయ్యే మందులు దాదాపు ఏవీ దీన్ని దాటవు. చిన్న అణువుల మందుల్లోనూ నూటికి 98 దాటవని ఈ రంగంలో తరచూ చెప్పే లెక్క. కొన్నిచోట్ల వైద్యులు దొడ్డిదారి కనిపెట్టారు. కంపవాతానికి మెదడులో డోపమిన్ తక్కువవుతుంది, డోపమిన్ ఇస్తే గడప దాటదు. దాని ముడిసరుకైన లెవోడోపాని ఇస్తే, అది ఆహారంలోని ఆమ్లాలు వెళ్ళే ద్వారంలోంచి వాటిలో ఒకటిగా దూరిపోయి, లోపలికి వెళ్ళాక డోపమిన్‌గా మారుతుంది. మన దూలగొండి గింజల్లో ఉన్నది ఈ లెవోడోపాయే. ఆయుర్వేదం కంపవాతానికి ఆ గింజల్ని వాడింది. కానీ ఇటువంటి మారువేషం అన్ని మందులకీ కుదరదు.

కుదరని మందుల్లో మన తెలుగువాడి చేతి మీదుగా వచ్చినదొకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహిస్తూ ఉండగా, ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులు ఆయన బృందం తయారుచేసింది. మొదట అమినోప్టెరిన్, తరువాత మెథోట్రెక్సేట్. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ఆ మొదటి మందుని ల్యుకేమియా సోకిన పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. అంతవరకూ వారాల్లో పోయే పిల్లలు లేచి ఆడుకున్నారు, కొంతకాలం పాటైనా. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. తరువాతి సంవత్సరాల్లో వైద్యులకి ఒక వింత ఎదురైంది. మందులు మెరుగై రక్తం శుభ్రపడ్డ పిల్లల్లోనే జబ్బు మళ్ళీ తలెత్తేది, మెదడు పొరల్లో. రక్తంలో ఉన్న మందు అక్కడికి చాలినంత చేరక, తరిమిన కణాలు అక్కడ తలదాచుకునేవి. దానికి విరుగుడుగా అదే మెథోట్రెక్సేటును వెన్నులోకి సూది గుచ్చి మెదడు ద్రవంలోకే ఇవ్వడం మొదలుపెట్టారు. నేటికీ ఆ పిల్లలకి అదే పద్ధతి. ముడుచుకుని పడుకున్న చిన్నపిల్లవాడి వెన్నులో సూది దింపడం చూసినవారికి ఈ గడప ఎంత ఖరీదైనదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మా ఇంటి సంగతి. మా అక్కకి 2008లో రొమ్ము కేన్సరు వచ్చింది. హెర్-2 అనే ప్రోటీను కణాల మీద మితిమీరి ఉండే రకం. ఒకప్పుడు ఆ రకం మహా చెడ్డదని పేరు. 1998లో ట్రాస్టుజుమాబ్ అనే ప్రతిరక్షక మందు వచ్చాక ఆ పేరు కొంత మారింది. అక్కకి ఆ మందు బాగా పనిచేసింది. కాలేయంలో ఉన్న మచ్చలు పోయాయి. ఊడిన జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది. మళ్ళీ బడికి వెళ్ళి లెక్కలు చెప్పింది. 2010లో తలనొప్పులు మొదలయ్యాయి. స్కానింగు తీస్తే మెదడులో నాలుగు మచ్చలు. మెడ కింద నుంచి ఒళ్ళంతా వెతికినా జబ్బు లేదు. ఆ డాక్టరుగారు మంచి మనిషి. మా ఎదురుగా కూర్చుని, ఈ మందు మెదడులోకి పోదనీ, అది పోలేని చోట జబ్బు పెరిగిందనీ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. అక్క శ్రద్ధగా విన్నది. బయటికొచ్చాక మెట్ల మీద ఆగి నన్నడిగింది.

"ఒరే, మందు పోలేని చోటికి జబ్బెలా పోయిందిరా?"

లెక్కల టీచరు ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. అక్క 2011లో పోయింది. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయి, ఇదిగో, ఈ చదువంతా చదివించింది.

సగం జవాబు దొరికింది. కేన్సరు కణం మందులాగ తలుపు దగ్గర నిలబడి బ్రతిమాలదు. రక్తంలో కొట్టుకొచ్చిన కణం మెదడులో కేశనాళిక చీలే ఇరుకు మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. ఇరుక్కుని కొన్ని రోజులపాటు అక్కడే ఉంటుంది. గోడ కణాల మధ్య మెల్లగా చోటు చేసుకుని అవతలికి జారుతుంది. జారాక కూడా దూరం పోకుండా ఆ నాళికకే బయటి నుంచి అంటిపెట్టుకుని బ్రతుకుతుంది. జర్మనీ పరిశోధకులు ఎలుకల పుర్రెలో చిన్న కిటికీ అమర్చి, ఇదంతా రోజుల తరబడి సూక్ష్మదర్శినితో చూసి 2010లో ప్రకటించారు. వచ్చిన కణాల్లో అత్యధిక భాగం ఈ దారిలోనే చచ్చిపోతాయి. ఏ ఒక్కటో గట్టెక్కుతుంది. ఒక్కటి చాలు. ఆ మచ్చ పెరిగాక అక్కడి గడప కొంత బీటలు వారుతుంది గానీ, అంతటా సమంగా కాదు. నడిమధ్య మందు కొంత చేరుతుంది, అంచుల్లో, కొత్తగా మొలుస్తున్న చోట, గడప గట్టిగానే ఉంటుంది. ట్రాస్టుజుమాబ్ విషయంలో అయితే, మెదడులోకి వ్యాపించిన రోగుల వెన్నుద్రవంలో ఉన్న మందు రక్తంలో ఉన్నదానిలో సుమారు 420వ వంతు అని 2007లో వెలువడిన ఒక చిన్న పరిశీలన.

మిగతా సగం జవాబు, అంటే మందుని లోపలికి పంపడం, బుడగల దగ్గరికి తీసుకువస్తుంది. దానికి ముందు ఒక మొరటు పద్ధతి ఉండేది, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. మానిటాల్ అనే చక్కెర జాతి ద్రావణాన్ని చిక్కగా మెడ ధమనిలోకి ఎక్కిస్తే, గోడ కణాల్లోంచి నీరు లాగేసి, అవి ముడుచుకుని, మధ్య కుట్లు వదులవుతాయి. ఆ అదనులో మందు ఇస్తారు. స్టాన్లీ రాపొపోర్ట్ 1970లలో జంతువుల్లో చూపించిన ఈ ఉపాయాన్ని అమెరికాలో ఎడ్వర్డ్ న్యూవెల్ట్ రోగులకి వాడాడు, తరచుగా మన మెథోట్రెక్సేటుతోనే. పనిచేస్తుంది. కానీ ఆ ధమని తడిపే భాగమంతా, ఇంచుమించు సగం మెదడు, ఒక్కసారిగా బార్లా తెరుచుకుంటుంది. రోగికి మత్తు ఇవ్వాలి, మూర్ఛలు రావచ్చు. కావలసింది ఒక గదికి తలుపు. ఇది ఇంటి ముంగోడ కూల్చడం.

తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారికి 'అతిధ్వనులు' అన్న పాఠం గుర్తుండే ఉంటుంది. గబ్బిలాలు, డాల్ఫిన్లు, తరువాత గర్భిణీ స్త్రీల స్కానింగు. అతిధ్వనిని భూతద్దంలో ఎండని కేంద్రీకరించినట్టు ఒక బిందువు దగ్గర పోగుచేస్తే అక్కడ వేడి పుడుతుంది. 1950లలో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో ఫ్రై సోదరులు ఆ వేడితో మెదడులోని కోరిన చోటుని కాల్చి కంపవాతం తగ్గించబోయారు. అడ్డం వచ్చింది పుర్రె. ఎముక ధ్వనిని మింగేస్తుంది, మిగిలినదాన్ని చెదరగొడుతుంది. అందుకని ముందు పుర్రె ముక్క తీసి, ఆపైన ధ్వని పంపేవారు. 1956లో బకాయ్ అనే వైద్యుడి బృందం, ఇలా దెబ్బతిన్న చోట మెదడు గడప కూడా తెరుచుకుంటోందని గమనించింది. కణాలు కాలిపోయాక గడప తెరుచుకుంటే మాత్రం ఏం లాభం?

బుడగ వేరే దారిన వచ్చింది. 1968లో అమెరికాలోని రోచెస్టరులో గ్రామియాక్ అనే వైద్యుడూ, భారతీయుడైన హృద్రోగ నిపుణుడు ప్రవీణ్ షా కలిసి, గుండెలోకి రంగునీళ్ళు ఎక్కిస్తే అతిధ్వని చిత్రంలో ఆ చోటు మబ్బులా మెరుస్తోందని ప్రకటించారు. కారణం ఆ నీటిలోని చిన్న చిన్న బుడగలు. ధ్వనికి బుడగ కన్నా గొప్ప అద్దం లేదు. తరువాతి రోజుల్లో మందుల కంపెనీలు వీటిని కావాలని తయారుచేశాయి. కొవ్వుతోనో ప్రోటీనుతోనో చేసిన పలచటి పెంకు, లోపల రక్తంలో తొందరగా కరగని వాయువు, మొత్తం పరిమాణం ఎర్ర రక్తకణం కన్నా చిన్నది. నరంలోకి సూదితో ఎక్కిస్తే గుండె చిత్రం స్పష్టంగా వస్తుంది. కొద్ది నిమిషాల్లో పెంకు విడిపోతుంది, వాయువు ఊపిరితో బయటికి పోతుంది. మెదడుతో వీటికి ఏ సంబంధమూ లేదు.

సంబంధం కలిపినవాడు ఫిన్లాండు నుంచి వచ్చిన కుల్లెర్వో హైనినెన్. 2001లో బోస్టనులో ఉండగా ఆయన బృందం కుందేళ్ళకి ఈ బుడగలు ఎక్కించి, మెదడులో ఒక చిన్న చోటు మీద అతిధ్వనిని కేంద్రీకరించింది. బుడగలుంటే, లేనప్పటి ధ్వనిశక్తిలో సుమారు నూరోవంతు సరిపోయింది. గడప తెరుచుకుంది, నాడీకణాలు క్షేమం, కొన్ని గంటల తర్వాత గడప తనంతట తానే మూసుకుంది.

ఏం జరుగుతుందంటే, ధ్వని అంటేనే ఒత్తిడి పెరగడం, తగ్గడం. ఒత్తిడి పెరిగినప్పుడు బుడగ ముడుచుకుంటుంది, తగ్గినప్పుడు ఉబ్బుతుంది. సెకనుకి రెండు లక్షల పైచిలుకు సార్లు. బుడగ ఉన్నది తనకి సరిపడేటంత ఇరుకు సందులో. ఉబ్బిన ప్రతిసారీ గోడల్ని తడుతుంది, ముడుచుకున్న ప్రతిసారీ లాగుతుంది. ఈ మర్దనకి ఆ బిగువు కుట్లు కాసేపు వదులవుతాయి. గోడ కణాలు పదార్థాల్ని తమలోంచి అవతలికి మోయడం కూడా ఎక్కువవుతుంది. ధ్వని కేంద్రీకరించిన చోటే ఇదంతా. పక్కనే ప్రవహిస్తున్న బుడగలకి ఈ సంగతే తెలియదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది దీన్ని అదుపులో పెట్టే పద్ధతి. ధ్వని మరీ గట్టిదైతే బుడగ ఉబ్బి ఉబ్బి ఒక్క పెట్టున కుప్పకూలుతుంది. ఆ కూలడంలో ఎంత శక్తి ఉందో 1917లోనే రాలీ ప్రభువు లెక్కగట్టాడు, ఓడల ప్రొపెల్లరు రెక్కలు ఎందుకు చిల్లులు పడుతున్నాయో తేల్చే సందర్భంలో. ఇనుముని తినేసే పని మెదడులో జరిగితే నెత్తురు చిమ్ముతుంది. మరి లోపల బుడగ ఏం చేస్తోందో తెలిసేదెలా? చెవి ఒగ్గి వినడమే. కడవలో నీళ్ళు పోస్తున్నప్పుడు వచ్చే బుడబుడ శబ్దం బుడగల పాటే. ఏ పరిమాణపు బుడగ ఏ శ్రుతిలో పాడుతుందో మినార్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1933లో సూత్రం చెప్పాడు. రక్తంలోని బుడగ కూడా పాడుతుంది, మన చెవికి అందనంత పై శ్రుతిలో. పంపిన ధ్వనిని షడ్జమనుకుంటే, హద్దు దగ్గర పడుతున్నప్పుడు బుడగల్లోంచి మంద్ర షడ్జమూ, ఒకటిన్నర రెట్ల మీద పంచమమూ వినబడతాయి. హద్దు మీరితే శ్రుతి పోయి వట్టి రొద మిగులుతుంది. 2012లో హైనినెన్, ఓరైలీ ఈ సూత్రం మీదే ఒక యుక్తి ప్రకటించారు. నెమ్మదిగా ధ్వని పెంచుతూ పోయి, ఆ పంచమం వంటి స్వరాలు వినబడగానే తీవ్రతని సగానికి తగ్గించి, అక్కడే నిలపాలి. మృదంగానికి శ్రుతి చేసే విద్వాంసుడు చెవితో చేసే పని, ఇక్కడ యంత్రం మెదడు మీద చేస్తోంది.

పుర్రె అడ్డుని రెండు రకాలుగా దాటారు. పారిస్‌లో కార్పాంతియే అనే శస్త్రవైద్యుడి బృందం 2014లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో, చిన్న ధ్వని పరికరాన్ని పుర్రె ఎముకలోనే అమర్చి, కీమో ఇచ్చే రోజున చర్మంలోంచి సూది గుచ్చి దానికి కరెంటు ఇస్తారు. టొరంటోలో, హైనినెన్ అప్పటికి చేరిన సన్నీబ్రూక్ ఆసుపత్రిలో, 2015 నవంబరులో పుర్రె తెరవకుండానే మొట్టమొదటిసారి ఒక రోగి మెదడు గడపని తెరిచారు. ఆ పద్ధతిలో తల గొరిగి, చట్రం బిగించి, 1024 చిన్న ధ్వని పలకలున్న శిరస్త్రాణం లాంటి దానిలో పెడతారు. మధ్యలో చల్లటి నీళ్ళు. పుర్రె ఎక్కడ ఎంత మందముందో ముందే స్కానింగులో చూసి, ఒక్కొక్క పలక నుంచి ధ్వని ఎంత ఆలస్యంగా బయలుదేరాలో లెక్కగడతారు, అన్నీ ఒకే క్షణాన ఒకే బిందువుకి చేరేలాగ. గడప తెరుచుకుందో లేదో ఎమ్మారైలో గెడోలినియం ఎక్కించి చూస్తారు. మామూలుగా అది మెదడులోకి పోదు, తెరిచిన చోట మాత్రం తెల్లగా వెలుగుతుంది. 130 ఏళ్ళకు పైగా క్రితం ఎర్లిక్ రంగునీళ్ళతో చూసినదే ఇది. మర్నాటికి ఆ వెలుగు ఉండదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. గడప తెరవడం వేరు, జబ్బు కుదరడం వేరు. పత్రికల్లో "మెదడు కేన్సరుకి శబ్ద చికిత్స" అన్న శీర్షికలు చూసి ఆశపడే కుటుంబాల్ని తలచుకుంటే నాకు భయం వేస్తుంది. ఇప్పటిదాకా వచ్చినవి చాలావరకు చిన్న చిన్న ప్రయోగాలు. 2023లో చికాగోలో సోనబెండ్ బృందం 17 మంది రోగుల మీద, ఎముకలో అమర్చే పరికరంతో చేసిన పనిలో, తెరిచిన చోట పాక్లిటాక్సెల్ సుమారు నాలుగు రెట్లు, కార్బోప్లాటిన్ సుమారు ఆరు రెట్లు ఎక్కువ చేరింది. గడప గంటలోపే చాలావరకు మూసుకుపోతోందని కూడా అందులోనే తేలింది. అంటే మందు ఎప్పుడివ్వాలన్నది నిమిషాల లెక్క. 2024 జనవరిలో వెస్ట్ వర్జీనియాలో అలీ రెజాయ్ బృందం ముగ్గురు ఆల్జైమర్ రోగులకి అడుకానుమాబ్ ఇస్తూ మెదడులో ఒక పక్క మాత్రమే గడప తెరిస్తే, రెండో పక్కకన్నా అక్కడ పాచి సగటున 32 శాతం ఎక్కువ తగ్గింది. ముగ్గురు! పైగా వాళ్ళు వాడిన ఆ మందుని తయారుచేసే కంపెనీయే అదే నెలలో మానుకుంటున్నట్టు ప్రకటించింది. పాచి తగ్గినంత మాత్రాన జ్ఞాపకం తిరిగి రాదు. గడప తెరిచినప్పుడు మెదడులో కొంత వాపు లక్షణం కనబడుతుందన్న వాదన ఒకటుంది, అది ధ్వని తీవ్రతని బట్టి ఉంటుందన్న ప్రతివాదం ఉంది. మందుతోపాటు రక్తంలోని ఇతర ప్రోటీన్లు కూడా లోపలికి పోతాయి కదా అన్న ప్రశ్న ఉండనే ఉంది. గోడ ఎందుకు కట్టారో మరిచిపోయి తలుపు తెరవడం తెలివైన పని కాదు.

2021లో సన్నీబ్రూక్ నుంచి వచ్చిన ఒక వ్యాసం మాత్రం నేను పదేపదే చదివాను. హెర్-2 రొమ్ము కేన్సరు మెదడుకి పాకిన నలుగురు స్త్రీలు. మందు అదే, ట్రాస్టుజుమాబ్. దానికి కొంచెం రేడియోధార్మిక ఇండియం తగిలించి, గడప తెరవక ముందూ తెరిచిన తర్వాతా మెదడులో ఎక్కడ ఎంత చేరిందో బొమ్మ తీశారు. మచ్చలున్న చోట మందు సగటున సుమారు రెట్టింపు చేరింది. నలుగురితో ఏమీ రుజువు కాదని నాకు తెలుసు. రెట్టింపు అన్నా, 420వ వంతుకి రెట్టింపు ఎంతో అక్క అయితే మెట్ల మీదే నోటిలెక్కగా చెప్పేసేది. అయినా ఆ బొమ్మల్ని చాలాసేపు చూశాను.

మందు ఎక్కించుకునే రోజునే ఈ శిరస్త్రాణమూ పెట్టించుకోవాలి. పెట్టించుకునే ముందు తల గొరిగించుకోవాలి, అదీ ఒక్కసారితో అయ్యేది కాదు. కీమోకి ఊడిన జుట్టు మళ్ళీ వస్తున్నప్పుడు అక్క రోజుకి పదిసార్లు అద్దం ముందు నిలబడి, ఉంగరాలు వేలికి చుట్టుకుని చూసుకునేది. ఆ నలుగురూ కూడా అలా చూసుకున్నవాళ్ళే అయివుంటారు.